గిద్యోను ఎలుక

మొయినాబాదు గిద్యోను చేతికి ఏ యంత్రం ఇచ్చినా, దాన్ని పాడుచేసింది ఎలుకేనని తేల్చేవాడు. రేడియో కానివ్వండి, గోడగడియారం కానివ్వండి, కుట్టుమిషను కానివ్వండి, తీర్పు మారదు. ముందు మూత విప్పేవాడు. ముక్కు లోపలికంటా దూర్చి మూడుసార్లు వాసన చూసేవాడు. "చ్చొ, చ్చొ" అని నాలుక చప్పరించేవాడు. చెవి మీది పెన్సిలు తీసి లోపల ఏదో ఒకచోట తాకించి, "ఎలుక" అనేవాడు. దవాఖానాలో పెద్ద డాక్టరు టైఫాయిడ్ అన్నంత నమ్మకంగా అనేవాడు.

"టార్చిలైట్ల ఎలుక ఎట్ల దూరుతది గిద్యోనూ?" అని అడిగాడొక పటేలు.

"చిన్న ఎలుక, పటేలా."

ఇంకోసారి ఒక కొత్త పెళ్లికొడుకు మామ పెట్టిన వాచీ పట్టుకొచ్చాడు. పక్కనే ఆ మామ కూడా మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. మూత తీస్తే లోపల నీళ్లు. గండిపేట చెరువులో ఈతకొట్టి వచ్చిన వాచీ అని ఎవరిని అడిగినా చెబుతారు.

"లోపటికి నీళ్లెట్లొచ్చినయ్?" అన్నాడు మామ.

"నీళ్లు గాదు పెద్దయ్యా, ఎలుక ఉచ్చ. వాచీ గూట్ల పెట్టి పండుకున్నరా? ఇగ సూడుండ్రి మరి."

అల్లుడు గబగబా తల ఊపాడు.

ఈ కథలు విని మొయినాబాదు నుంచి షాబాదు దాకా జనం కడుపు పట్టుకుని నవ్వేవారు. నవ్వనివాడు ఒక్కడే, చేవెళ్ల రామచంద్రయ్య.

రామచంద్రయ్యదీ అదే పని. చేవెళ్ల బస్టాండుకు ఎదురుగా దుకాణం. పట్నంలో ఆరేళ్లు పని నేర్చుకుని వచ్చాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, వాళ్ల నాయన వదిలిపోయిన ఇత్తడిపిడి స్క్రూడ్రైవరు చేతపట్టాడంటే చచ్చిన గడియారం లేచి కూర్చోవలసిందే. ఆ పిడి మీద నెమలి బొమ్మ చెక్కి ఉండేది. జిల్లాలో అట్లాంటిది మరొకటి లేదని ఆయన ప్రతివాడికీ చూపించేవాడు. గిద్యోను నెల తీసుకునే పనిని ఈయన ఒక్క రోజులో చేసి ఇస్తాడు. అయినా చేవెళ్ల జనం, ఆ చుట్టుపక్కల ఊళ్ల జనం, రేడియోలను చద్దర్లలో మూటగట్టుకుని, సరిగ్గా ఈయన దుకాణం ముందే నిలబడి, పది మైళ్ల దూరాన ఉన్న మొయినాబాదుకు బస్సెక్కేవారు.

"ఇయ్యాల అయిదు" అనేవాడు సాయంత్రం దుకాణం వెనుకనే ఉన్న ఇంట్లోకి పోయి, భార్య గోపమ్మతో.

"అయిదేంది?"

"రేడియోలు. నా కండ్ల ముంగట్నే బస్సెక్కినయ్."

"నీ దగ్గరికెందరొచ్చిండ్రు?"

"ఒకడొచ్చిండు. టైమెంతైందని అడిగి పోయిండు."

ఈర్ష్య అంటే మనసులో ఏదో చిన్న నలత అనుకుంటాం. రామచంద్రయ్యది అంత చిన్న సరుకు కాదు. అన్నం ముందు కూర్చుంటే గిద్యోను గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. పడుకుంటే మూటగట్టిన రేడియోలు వరసగా బస్సెక్కుతున్నట్టు కలలొచ్చేవి. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు రోడ్లెక్కారు. బళ్లు మూతపడ్డాయి, పట్నంలో కర్ఫ్యూ పెట్టారు, బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. రామచంద్రయ్య కూడా అందరితోపాటు జై తెలంగాణ అన్నాడు. బస్సులు బందైన రోజున మాత్రం ఇంకాస్త గట్టిగా అన్నాడు. తీరా చూస్తే ఆ రోజు రేడియోలు ఎడ్లబండ్ల మీద పోయాయి.

ఎందుకు పోతున్నాయో చేవెళ్లలో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. రామచంద్రయ్యకు నిజం చెప్పే జబ్బుంది. యంత్రం విప్పితే చాలు, అది ఎట్లా చెడిందో, ఎవరివల్ల చెడిందో, పోలీసు పటేలు పంచనామా చదివినట్టు నలుగురిలో చదివేవాడు. ముడిమ్యాల కౌసల్యమ్మ ఒకసారి మొగుడితో కలిసి రేడియో తెచ్చింది.

"ఇది కింద పడ్డది" అన్నాడు రామచంద్రయ్య. "మూడడుగుల ఎత్తుల నుంచి పడ్డది. గూట్లకెంచి తీయంగ ఎవరో జారవిడిచిండ్రు. చేతికి నూనె ఉన్నది, ఇగో మరక. వంట చేసుకుంట పాటలు విన్నట్టున్నరు."

ఇరవై నిమిషాల్లో రేడియో మోగింది. కౌసల్యమ్మ మొగుడు దానికన్నా ముందే మోగడం మొదలుపెట్టాడు. ముడిమ్యాల చేరేదాకా ఆపలేదట. మళ్లీ చెడినప్పుడు ఆ రేడియో మొయినాబాదు బస్సెక్కింది. ఆ ఇంటి నుంచి చేవెళ్ల దుకాణానికి ఒక్క బ్యాటరీ కూడా రాలేదు.

"నువ్వు రిపేరు చేస్తవా, పంచాయితి చేస్తవా?" అని గోపమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఉన్నది జెప్పిన. అబద్ధమాడుమంటవా? ఆ గిద్యోను లెక్క ఎలుక, ఎలుక అనుకుంట కూసోమంటవా? వానికి ఎలుకకూ వైరుకూ తేడా తెలువది!"

అట్లాంటి రోజుల్లో అజీజ్‌నగర్‌లో ఒక నవాబుగారి తోటబంగ్లా సామాను హర్రాజు వేశారు. మొయినాబాదులో చాయ్ హోటలు నడిపే మారయ్య అందులో ఒక వింత వస్తువు వేలం పాడుకున్నాడు. నాలుగు కాళ్ల ఏటవాలు పెట్టె, పైన అద్దం, లోపల రంగురంగుల బుడ్డి దీపాలు. పక్కనున్న స్ప్రింగు పుల్ల లాగి వదిలితే ఇనుప గోలీ పైకి పరుగెత్తి, కిందికి దిగుతూ ఏ మేకుకు తగిలితే ఆ దీపం వెలిగి, గంట మోగి, అంకెల చక్రం తిరగాలి. నవాబుగారు విదేశం నుంచి తెప్పించుకుని ఆడుకునేవారట. జనం దానికి గోలీల పెట్టె అని పేరు పెట్టారు.

మారయ్య దాన్ని హోటల్లో నిలబెట్టి, ఊరంతా చూస్తుండగా ప్లగ్గు పెట్టాడు. ఒక్కసారిగా అన్ని దీపాలూ వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపల పొగ వచ్చింది.

ఇంత పెద్ద పని అని, మారయ్య పట్నంలో నేర్చిన మనిషినే వెతుక్కుంటూ పెట్టెను బండి మీద చేవెళ్లకు తెచ్చాడు. రామచంద్రయ్య జన్మలో అంత ఆనందపడిన రోజు లేదు. మొయినాబాదు సరుకు చేవెళ్లకు రావడం అదే మొదలు. దుకాణం ముందు ముప్పయి మంది మూగారు. ఆయన భూతద్దం తగిలించి, నెమలి స్క్రూడ్రైవరుతో వెనుక పలక విప్పి, గొంతు సవరించుకున్నాడు. గోపమ్మ లోపలి నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపింది. ఆయన చూస్తేగా!

"దీనికి నూటపది వోల్టులే కావాలె. మన లైను రెండొందల ముప్పయి. వెనుక ఇంత లావు అచ్చరాలతో రాసున్నది. సదువు రాని మనిషెవడో తీస్కపోయి ప్లగ్గుల పెట్టిండు."

సదువు రాని ఆ మనిషి ముఖం కందగడ్డలా అయింది. పలక తానే బిగించుకుని, బండి మళ్లించుకుని పోయాడు. పెట్టె మర్నాడు పొద్దున గిద్యోను దుకాణంలో ఉంది. గిద్యోను మూడుసార్లు వాసన చూశాడు.

"ఎలుక" అన్నాడు. "నవాబు ఎలుక. బలిసింది."

"నేనన్లే?" అన్నాడు మారయ్య చుట్టూ చూస్తూ. "నేను మంచిగనే పెట్టిన!"

మూడు నెలలు పట్టింది. పుస్తకం లేదు, చెప్పేవాడు లేడు. ఒక బుడ్డి దీపం, ఒక టార్చి బ్యాటరీ చేతపట్టుకుని గిద్యోను ఏ తీగలో ప్రాణముందో, ఏ తీగ చచ్చిందో ఒక్కొక్కటే తాకించి చూశాడు. చూసినదానికల్లా రంగు దారం ముడివేశాడు. తీగలు ఎటునుంచి ఎటు పోతున్నాయో దుకాణం గోడ నిండా బొగ్గుతో పటం గీశాడు. పాత మోటరు తీగ విప్పి, చేత్తో చుట్టి, కరెంటును సగానికి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు తయారుచేశాడు. మసిబట్టిన రేకుల కొనలను గరుకు కాగితంతో రుద్ది తోమాడు. ఈ వార్తలన్నీ బస్సుల్లో చేవెళ్లకు వచ్చేవి. "అది ఈ జన్మల మోగది" అని రామచంద్రయ్య అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు.

అది మోగింది. బళ్లు లేక ఖాళీగా ఉన్న విద్యార్థులంతా మారయ్య హోటల్లోనే మకాం. ఎవరి గోలీకి గంట మోగినా అందరూ కలిసి "జై తెలంగాణ!" అని అరిచేవారు. ఒకనాడు ఆ అరుపు విని పోలీసు జీపు ఆగింది. "ఎవర్రా గంట కొట్టి జనాన్ని పోగుచేస్తున్నది?" అని జమాదారు లాఠీ తిప్పుతూ వచ్చాడు. విద్యార్థులు బిక్కచచ్చిపోయారు. మూలన చాయ్ తాగుతున్న గిద్యోను లేచి, పెట్టె దగ్గరికి పోయి వాసన చూశాడు.

"ఎలుక, సార్. వైరు కొరికింది. గంట దానంతటదే మోగుతున్నది. రెండు దినాలైతున్నది, ఏడ దాక్కుందో దొరుకుతలేదు."

జమాదారు వంగి పెట్టె కింద కూడా చూసి, చాయ్ తాగి పోయాడు.

రామచంద్రయ్య నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు, షాబాదులో చుట్టాలకు బాగాలేదని గోపమ్మతో చెప్పి మొయినాబాదు బస్సెక్కాడు.

"షాబాదు అటు గాదు" అంది గోపమ్మ బస్సు కిటికీ దగ్గరికి వచ్చి.

హోటల్లో ఒక మూల కూర్చుని, మూడు చాయ్‌లు తాగి, గోలీల పెట్టెనే చూశాడు. ఒక్క దీపం తప్పలేదు. ఒక్క అంకె తడబడలేదు. అంతలో జై తెలంగాణ అని అరుస్తూ రోడ్డు మీద విద్యార్థుల జులూసు వచ్చింది. మారయ్య, గిరాకీ, వంటసాలలో పనిచేసే ధనమ్మ, అందరూ చూడడానికి బయటికి పరుగెత్తారు. హోటల్లో రామచంద్రయ్యా, పెట్టే మిగిలారు.

ఊరికే చూద్దామనే జేబులోని నెమలి స్క్రూడ్రైవరు తీసి వెనుక పలక విప్పాడు. నిజంగా అంతే. ఎక్కడో ఒక లొసుగు కనబడుతుంది, "ఇగో, ఇది గిద్యోను పని" అని నవ్వుకుని పోదామనుకున్నాడు. లోపల చూస్తే ప్రతి తీగకూ రంగు దారం, ప్రతి అతుకూ జొన్నగింజంత, నున్నగా. భూతద్దం పెట్టి వెతికాడు. తప్పు లేదు. పట్నంలో తనకు పని నేర్పిన ఉస్తాదు కూడా ఇంత ముద్దుగా చేసి ఉండడు. ఆ క్షణంలో ఆయన గుండెల్లో భగ్గుమంది. చెయ్యి దానంతటదే పోయి గంటకు పోయే సన్నని తీగను అతుకు దగ్గర పుటుక్కున పీకింది.

అడుగుల చప్పుడైంది. గబగబా పలక మూసి, మరలు వేళ్లతోనే తిప్పి, దొరికిన బస్సెక్కాడు. సగం దారిలో జేబు తడుముకున్నాడు. నెమలి స్క్రూడ్రైవరు లేదు.

ఇంకేముంది! అది పెట్టె లోపలే ఉంది. జిల్లాలో అట్లాంటిది మరొకటి లేదని తానే ఊరూరా చాటాడాయె. అది బయటపడితే ఏమవుతుంది? పక్కవాడు బాగుచేసిన యంత్రాన్ని దొంగచాటుగా చెడగొట్టే మనిషికి రేడియో కాదు కదా, ఖాళీ డబ్బా కూడా ఎవరూ ఇవ్వరు. దుకాణం మూసుకోవాల్సిందే.

మర్నాడు మొదటి బస్సుకే మొయినాబాదులో దిగాడు. అప్పటికే హోటలు నిండా జనం. గిద్యోను పెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు. మారయ్య ధనమ్మ మీద ఇంతెత్తున లేస్తున్నాడు.

"తడిబట్టతోని తుడువొద్దని ఎన్నిసార్లు జెప్పిన నీకు? గంట సచ్చిపాయె!"

"యేసయ్య మీదొట్టు, నేను దాన్ని ముట్టనే ముట్టలే" అని ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు గాకపోతే ఎవరు ముట్టిండ్రు? రేపటి సంది పనికి రాకు!"

గిద్యోను పలక తీశాడు. ఒకసారి వాసన చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. చెయ్యి లోపలికి పోయి, పిడికిలిగా బయటికి వచ్చి, అంగీ జేబులోకి పోయింది. వేళ్ల సందున ఇత్తడి తళుక్కుమంది. జనంలో రామచంద్రయ్య ఒక్కడికే కనబడింది. గిద్యోను తలెత్తి సరిగ్గా ఆయన వైపే చూశాడు.

రామచంద్రయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. ఒకవైపు గిద్యోను జేబు, ఇంకోవైపు ధనమ్మ ఏడుపు. యంత్రాల విషయంలో జన్మలో ఆడని అబద్ధం ఇప్పుడు నోరు మూసుకుని ఆడుతున్నట్టనిపించింది. ఒక అడుగు ముందుకు వేశాడు.

"మారయ్యా, అది ధనమ్మ గాదు, అది..."

"ఎలుక!" అని అరిచాడు గిద్యోను. రోడ్డు మీద పోతున్న మేకలు ఉలిక్కిపడ్డాయి.

"నిన్న నిండు హోటలు. ఎలుకెక్కడిది?" అన్నాడు మారయ్య.

"జులూసుకు బెదిరి దీంట్ల జొచ్చింది. ముసలి ఎలుక. కానీ పండ్లు మంచిగున్నయ్. ఒక్క తీగనే కొరికింది, పక్కదాన్ని జరంత గూడ ముట్టలే. పని తెలిసిన ఎలుక. ధనమ్మా, లోపటికి పోయి చాయ్ పెట్టు."

పని తెలిసిన అన్నందుకు రామచంద్రయ్యకు లోపల్లోపల సంతోషమైంది. ముసలి అన్నందుకు కోపం కూడా వచ్చింది.

గంట తీగ అతికాక గిద్యోను ఆయనను బస్సు దాకా సాగనంపాడు. దారిలో కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు.

"అన్నా, మీ ఊరి ఎలుక ఇది మరిచిపోయింది."

రామచంద్రయ్య పొట్లం విప్పలేదు. "ఎందుకు జెప్పలే?" అన్నాడు.

"చెప్తే ఏమొస్తది?"

"కౌసల్యమ్మ రేడియో నీ దగ్గరికి గూడ వచ్చింది గద. అది కింద పడ్డదని నీకు తెలుసా?"

"మూల చెక్క పలిగిందన్నా, తెలువదా! రెండోపారి గూడ ఆమెనే పడగొట్టింది."

"మరి ఎలుకంటివి?"

"తిట్లు పడనీకె ఎవరో ఒకరు ఉండాలె గద. ఎలుకనైతే ఎంత తిట్టినా ఇంట్ల ఎవరూ అన్నం మానరు." గిద్యోను చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. "యంత్రందేముందన్నా, ఇయ్యాల గాకుంటే రేపైనా బాగైతది."

బస్సంతా రామచంద్రయ్య ఇదే ఆలోచించాడు. కళ్లు చెమర్చిన మాట నిజమే, కానీ పూర్తిగా కరగలేదు. రేడియోల్లో ముందున్నాడు, గోలీల పెట్టెలో ముందున్నాడు, ఆఖరికి మంచితనంలో కూడా వీడే ముందా? అని చేవెళ్ల దిగేదాకా కుళ్లుకున్నాడు.

వారం తర్వాత ఒక ఆసామి కోడలిని వెంటబెట్టుకుని రేడియో తెచ్చాడు. రామచంద్రయ్య విప్పాడు. లోపల గంజి. ఎండి అట్టకట్టింది. తలెత్తి చూస్తే ఆ పిల్ల కొంగు కొనను వేలికి చుట్టుకుంటూ ఉంది. గోపమ్మ లోపలి నుంచి చెయ్యి ఊపడానికి సిద్ధంగా నిలబడింది.

"ఎట్ల పాడైంది?" అన్నాడు ఆసామి.

రామచంద్రయ్య నోటి చివరిదాకా ఎలుక వచ్చింది. అదే మాట తాను కూడా అనడమా? గిద్యోను ఎంగిలి మాట! చస్తే అనడు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"పందికొక్కు" అన్నాడు.

"రేడియోల పందికొక్కా? ఎట్ల పట్టింది?"

"ఎలుకలు మొయినాబాదులుంటయ్. మన చేవెళ్లల అన్నీ పందికొక్కులే. గంజి తాగొచ్చి దీంట్ల కక్కింది."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. గోపమ్మ చెయ్యి దించి, ఆసామికి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

ఆ మాట కూడా బస్సెక్కి పోయింది. పది రోజులు గడిచాయేమో, రామచంద్రయ్య అలవాటు కొద్దీ బస్సెక్కే మూటలను లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ రోజు ఒక్కటీ ఎక్కలేదు. పైగా మొయినాబాదు నుంచి వచ్చిన బస్సులోంచి ఒక ముసలాయన, చద్దరులో మూటగట్టిన రేడియోతో దిగి, దారి అడుక్కుంటూ నేరుగా దుకాణం మెట్లెక్కాడు.

"గిద్యోను తోలిచ్చిండు" అన్నాడు ఆయాసపడుతూ. "మూడుసార్లు వాసన సూసిండు. ఇది ఎలుక పని గాదు, పందికొక్కు పని, నాతోని గాదు, చేవెళ్ల రామచంద్రన్న దగ్గరికే పో అన్నడు."

రామచంద్రయ్య మూట విప్పి, వెనుక పలక తీసి, ఇటూ అటూ చూసి, ముక్కు లోపలికంటా దూర్చాడు.